దశమి నాటి నీళ్ళు

డెలానీపూర్, పోర్ట్ బ్లెయిర్
10 జనవరి 1978

అక్కకు జోగులు రాస్తున్నది. బావకీ, అత్తకీ నమస్కారాలు చెప్పు. ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకోకు, ఈసారి చెప్పుకోదగ్గ సంగతులున్నాయి.

మా డిజైన్ సెక్షన్‌కి మెయిన్‌లాండ్ నుంచి కొత్త సాబ్ వచ్చాడు. ఓడ ఊపుకి తిన్నది నిలవక నాలుగు రోజులు గెస్ట్ హౌస్‌లో పడుకుని, ఐదో రోజు ఆఫీసుకి వచ్చి, ఇక్కడ అందరూ నిద్రపోతున్నారని కనిపెట్టాడు. గీతలు ఎవరైనా గీస్తారట, మనకి కావలసింది కొత్త ఆలోచనలట, అవి కూడా త్వరత్వరగా రావాలట. అందుకని గుమ్మం పక్కన ఎర్ర పెట్టె ఒకటి పెట్టించాడు. ఎవరికి ఏ ఆలోచన వచ్చినా కాగితం మీద రాసి అందులో వెయ్యాలి, దానికో నంబరు పడుతుంది. నెలకి ఎవరు ఎన్ని డ్రాయింగ్ షీట్లు గీశారో పేర్లతో సహా రాయడానికి గోడకి బోర్డు కొట్టించాడు. ఇవి చాలవన్నట్టు రోజూ పదింటికి మీటింగు. అందులో ఎవరు ఏం చెప్పినా ఇది కుదరదని, 'నహీ చలేగా' అని, అనకూడదు. ఆ మాట అంటే కొత్త ఆలోచన పురిట్లోనే చచ్చిపోతుందట. అన్నవాడు లేచి వెళ్ళి అందరికీ చాయ్ కాచి తేవాలి.

ఇంతవరకూ చాయ్ కాసింది గవరయ్య ఒక్కడే. మా సెక్షన్‌లో అందరికంటే పెద్దవాడు, డ్రాయింగులకి నకళ్ళు తీసే ట్రేసరు, వచ్చే ఏడు రిటైరవుతాడు. మొదటి రోజు నా పక్క బల్ల రమణయ్య బస్టాపుకి గాజు కప్పు వెయ్యాలన్నాడు. గవరయ్య తల ఎత్తకుండానే "తుపానొస్తే నహీ చలేగా సాబ్" అన్నాడు. చాయ్ కాశాడు. రెండో రోజూ కాశాడు. ఇప్పుడు పదింటికి ముందే స్టవ్ వెలిగించుకుంటున్నాడు.

అసలు సంగతికి వస్తాను. పెట్టెలో నేను వేసిన కాగితం మీ రేవుకి మెట్లు కట్టాలని. సాబ్‌కి నచ్చింది, డ్రాయింగు పని నాకే ఇచ్చాడు. ఇది బాగా కుదిరితే ఆగస్టు లిస్టులో సీనియర్ పోస్టు నాదే అంటున్నారు. ఫిబ్రవరి ఏడున కొలతలకి వస్తున్నాను. టూర్ ప్రోగ్రాం గవరయ్యే రాసి పెట్టాడు, ఆ రోజే వెళ్ళమన్నాడు. ఎందుకని అడిగితే వెళ్ళి చూడు అన్నాడు. ముసలాయన చాదస్తం.

నీ
జోగులు


మాయాబందర్
19 జనవరి 1978

జోగులూ,

అక్క దీవెనలు. వాటితో పాటు నాలుగు చివాట్లు కూడా అందుకో.

ఫిబ్రవరి ఏడు ఏ రోజో చూసుకున్నావా? పక్కింటి బుల్లమ్మ, అదే మా బాల్వాడీ టీచరు, పంచాంగం చదివి చెప్పింది. అమావాస్య, పైగా మంగళవారం. అత్త అల్లుతున్న వల పక్కన పడేసింది. "ఆడి బతుక్కిది తొలి పని. మంగలారం అమాస నాడు టేపు పట్టుకుంతాడా? ఆడికంటే తెల్దు, నువ్వైనా సెప్పవా?" అని నా మీద ఎగిరింది. ఆవిడ అన్నదని కాదు, నాకూ మనసు ఒప్పలేదు. అమ్మా నాన్నా లేనివాడివి. నీకు మంచిరోజు చూడాల్సింది నేను కాక ఎవరు? ఫిబ్రవరి పదిహేడు శుక్రవారం దశమి. ఆ రోజు పెట్టుకో. ఆ గవరయ్యకి నీకున్నట్టు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కాబోలు.

మెట్లంటే ఇక్కడ ఆడవాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు దిగినప్పుడు డుంగీ పడవ ఒడ్డు దాకా రాదు, అడుగు రాళ్ళకి కొట్టుకుంటుంది. నెత్తిన గంపతో నాచు రాళ్ళ మీదకి దూకాలి. మొన్నటేడు మాతో చేపలమ్మే ముసలి తాతమ్మ జారిపడి నడుం విరుచుకుంది, ఇప్పటికీ తిన్నగా నిలబడలేదు. నాకు ముప్పై మూడేళ్ళొచ్చాయి. దూకినప్పుడల్లా ఈ ఒక్కసారికి పడకుండా చూడు గంగమ్మ తల్లీ అనుకుంటున్నాను. నిన్ను చదివించిన గంపే కదా, దానికి నువ్వు మెట్లు కడతానంటే గొప్పగానే ఉంది. ఆ గొప్ప నీ ముందు చెప్పను, పాడైపోతావు.

దశమి నాడే రా. పీతలు ఆపి ఉంచుతాను.

మీ అక్క
ఎరుకమ్మ


డెలానీపూర్
26 ఫిబ్రవరి 1978

అక్కా,

ఓడ దిగి వారమైనా నోట్లో ఇంకా నీ పీతల కూర కారమే ఉంది.

ప్రోగ్రాం మార్చమంటే సాబ్ వెంటనే ఒప్పుకున్నాడు. తనూ వస్తానన్నాడు కానీ, జెట్టీ దాకా వచ్చి అలలు చూసి, నాయకుడు ఆఫీసులో ఉండాలని గుర్తు తెచ్చుకుని వెనక్కి పోయాడు. కొలతల సంగతి నీకు చెప్పనే లేదు. ఆ వేళకి బావ వేటలో ఉన్నాడు, నువ్వు బజార్లో ఉన్నావు. ఆఫీసువాడు ఏదో ఒక వేళకి వచ్చి ఏదో కొలుచుకుపోతాడని కదా జనం అనుకుంటారు. నేను అలా చెయ్యలేదు. ఆ రోజు నీళ్ళు పూర్తిగా దిగే వేళ పుస్తకంలో చూసుకుని, సరిగ్గా ఆ నిమిషానికి నీటి అంచు దగ్గర మార్కు పెట్టాను. మంచికి ఉండనీ అని దాని కింద ఇంకో మెట్టు కలిపాను.

మొత్తం పన్నెండు మెట్లు. వాటికి నలభై ఒక్క షీట్లు గీశాను. మెట్టుకొక షీటు, లోపలి కమ్మీలకి వేరే, రెయిలింగుకి వేరే, రెయిలింగు బోల్టుకి వేరే. ఇదివరకు ఇదంతా రెండు షీట్లలో పట్టేది. అప్పుడు బోర్డు లేదు. ఇప్పుడు బోర్డు మీద మొదటి పేరు నాదే.

మీటింగులో డ్రాయింగు పరిచాను. అందరూ బాగుందన్నారు. గవరయ్య మాత్రం కళ్ళజోడు పైకి తోసి, "ఏ తిథి నాడు కొలిచావు బాబూ?" అని అడిగాడు. దశమి, మంచి రోజు అన్నాను. "మంచి రోజే, మనుషులకి" అన్నాడు. సాబ్ ఏమిటది అన్నాడు. "కుఛ్ నహీ సాబ్. నహీ చలేగా" అని గవరయ్య లేచి స్టవ్ దగ్గరికి పోయాడు. అందరం పగలబడి నవ్వాం. ఆ రోజు అల్లం కూడా వేశాడు.

అత్తకి చెప్పు, ఆవిడ చూసిన రోజు కలిసొచ్చిందని.

జోగులు


మాయాబందర్
12 మార్చి 1978

జోగులూ,

బాగున్నాం. మేస్త్రీలు దిగారు, ఇసుక దిగింది.

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. నలభై ఒక్క కాగితాలు అనేసరికి, ఆ పద్దు మళ్ళీ చదవమన్నాడు. డుంగీ కట్టినప్పుడు నువ్వెన్ని కాగితాలు గీశావు అని అడిగాను. లోపలికి వెళ్ళి ఒక కొబ్బరి తాడు ముక్క తెచ్చి చూపించాడు. దానికి ఐదు ముడులున్నాయి. అంతే. ఆ డుంగీ తొమ్మిదేళ్ళ నుంచి తేలుతూనే ఉంది, బోర్డు మీద మీ బావ పేరు మాత్రం లేదు. మెట్టుకొక కాగితం అన్నావు కదా, దిగేటప్పుడు మేం ఏ మెట్టు మీదున్నామో చూసుకోవడానికి మాకూ ఒక కట్ట పంపిస్తావా?

వేళాకోళానికి అన్నాను, మూతి ముడుచుకోకు. నువ్వు బోర్డు మీద మొదట ఉన్నావని రేవులో అందరికీ చెప్పాను. తాతమ్మ నీకు ముద్దు పెట్టి పంపింది.

ఎరుకమ్మ


డెలానీపూర్
20 మే 1978

అక్కా,

తొందరలో రాస్తున్నాను. ఇరవై తొమ్మిదిన ప్రారంభోత్సవం. మూడు నెలల్లో డ్రాయింగూ కట్టుబడీ రెండూ అయిపోవడం మా సెక్షన్ చరిత్రలో లేదు. సాబ్ వస్తున్నాడు, ఈసారి మాత్రలు వేసుకుని ఎక్కుతాడట. ఇక్కడ రమణయ్య బస్టాపు షీట్లు నా షీట్లని దాటేలా ఉన్నాయి కాబట్టి నేను కదలడానికి లేదు. ఏం జరిగిందో నువ్వే పూస గుచ్చినట్టు రాయాలి.

జోగులు


మాయాబందర్
3 జూన్ 1978

జోగులూ,

నీ మెట్లు చూడ్డానికి బాగున్నాయి. తెల్లగా, నున్నగా, పక్కన ఇనుప కడ్డీతో. అత్త చివరిదాకా వెళ్ళి ఒక్కోదానికీ పసుపు రాసి వచ్చింది.

పండగ బాగా జరిగింది. నీళ్ళు నిండుగా ఎక్కిన వేళ పెట్టారు. మీ సాబ్ రిబ్బను కత్తిరించి మూడు మెట్లు దిగాడు, నాలుగోది నీళ్ళలో ఉంది, బూటు ముంచి చూసి వెనక్కి ఎక్కాడు. ఫోటో కోసం ఆడవాళ్ళందరినీ గంపలతో వరసగా నిలబెట్టారు. చేపల వాసన ఫోటోలో రాదని మేం చెప్పినా వినకుండా గంపలు కడిగించి ఖాళీవే పట్టుకోమన్నారు. ఖాళీ గంపతో దిగడానికి మాకు మెట్లెందుకని తాతమ్మ అడిగింది. సాబ్‌కి తెలుగు రాదు, చాలా సంతోషించాడు.

ఒక మాట రాయాలా వద్దా అని చూశాను. పని జరిగేటప్పుడు మీ బావ మేస్త్రీతో "ఇంకా కిందికెయ్యాల భయ్యా, నీల్లు శానా దిగుతాయి" అన్నాడట. మేస్త్రీ కాగితం చూపించి, అందులో ఉన్నది ఇంతేనని, "డ్రాయింగ్ మే ఇత్నా హీ హై" అన్నాడట. బావ ఇది నాకు మొన్ననే చెప్పాడు. వాడు స్వయంగా వచ్చి కొలిచాడు, వాడికి తెలియదా అన్నాను. తెలిసే ఉంటుంది కదూ.

ఎల్లుండి అమావాస్య. చూస్తాను.

ఎరుకమ్మ


మాయాబందర్
14 జూన్ 1978

చిరంజీవి జోగులుకు,

మేమిక్కడ క్షేమం. నీ క్షేమ సమాచారములు తెలియజేయగలవు. ఎండు చేపల పనిలో చెయ్యి ఖాళీ లేక ఈ ఉత్తరం బుల్లమ్మ చేత రాయిస్తున్నాను.

అమావాస్య నాడు నీళ్ళు ఆఖరి మెట్టుకి రెండడుగులు కిందకి దిగినవి. పున్నమికి కూడా అలాగే ఉంటుంది అని బావ చెబుతున్నారు. మెట్టు మీద నుండి రాయి మీదకు, రాయి మీద నుండి డుంగీలోకి దూకవలసి వస్తున్నది. ముందు రాయి ఒక్కటే ఉండేది, ఇప్పుడు సిమెంటు అంచు కూడా ఉన్నది. ఇంకొక మూడు మెట్లు కిందకు వేసిన సరిపోవును. ఈ సంగతి మీ ఎర్ర పెట్టెలో వేయగలవు.

వర్షాలు మొదలైనవి. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
ఎరుకమ్మ
(బుల్లమ్మ వ్రాలు)


డెలానీపూర్
29 జూన్ 1978

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే పెట్టెలో వేశాను. నంబరు ఎనభై ఏడు. మొన్న మీటింగులో దాని మీద నలభై నిమిషాలు మాట్లాడారు. చివరికి మినిట్స్‌లో రాసింది ఇది: మెట్లు డ్రాయింగు ప్రకారం సరిగ్గా ఉన్నాయి, నీళ్ళే డ్రాయింగులో చూపిన మట్టానికి రావడం లేదు. నీటి ప్రవర్తన మీద వేరే పరిశీలన జరగాలి. గవరయ్య ఆ రోజు ఏమీ అనలేదు, అయినా వెళ్ళి చాయ్ కాశాడు. వచ్చి నా ముందు కప్పు పెట్టి, నా వైపు చూసి వెళ్ళిపోయాడు.

నీకు సాబ్ సంతకంతో అచ్చు కార్డు ఒకటి వస్తుంది. ఆలోచన పంపినవాళ్ళందరికీ పంపుతున్నాం.

ఆగస్టు లిస్టు దగ్గర పడింది. సెక్షన్‌లో నా పేరే వినిపిస్తోంది. మూడు మెట్ల సంగతి ఆ తర్వాత నేనే చూస్తాను. అంతవరకూ కాస్త చూసుకుని దిగండి. పున్నమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజులు బేరం మానుకుంటే ఏం?

ఇంకో మాట. బుల్లమ్మగారి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ ఆ ఉత్తరంలో నువ్వు నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. రెండుసార్లు వెతికాను. అంతా బాగానే ఉన్నారా?

జోగులు


మాయాబందర్
16 జూలై 1978

చిరంజీవి జోగులుకు,

బుల్లమ్మ చేతే రాయిస్తున్నాను. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, ఆవిడ 'వలెను' 'గలవు' అని కలపకుండా.

కార్డు వచ్చింది. "మీ ఆలోచన అమూల్యమైనది" అని హిందీలో ఉందట. అత్త అది గవర్నమెంటు నుంచి వచ్చింది కదా అని గంగమ్మ పటం పక్కన అతికించింది. రోజూ దానికి కూడా అగరొత్తి చూపిస్తోంది. మెట్లు రాకపోయినా కార్డుకి పూజ జరుగుతోందని మీ సాబ్‌కి చెప్పు.

మెట్ల గురించి నువ్వు తొందరపడకు. పోస్టు వచ్చేదాకా నోరెత్తకు. బావ రెండు పడవ చెక్కలు ఆఖరి మెట్టుకి కట్టి వేలాడదీశాడు, ఆడవాళ్ళు వాటి మీద కాలు పెట్టి దిగుతున్నారు. అల గట్టిగా వస్తే ఊడిపోతున్నాయి, మళ్ళీ కడుతున్నాడు. అలా నడిచిపోతోంది. నేను ఈ మధ్య రేవుకి వెళ్ళడం లేదు, ఇంటి దగ్గరే ఉంటున్నాను. వర్షాలు కదా.

తిట్టలేదని బెంగ పెట్టుకున్నావు. ఒకరి చేత రాయిస్తూ తిడితే రుచి ఉండదు.

ఎరుకమ్మ


డెలానీపూర్
13 ఆగస్టు 1978

అక్కా,

మీ రేవులో వేటకెళ్ళే యర్రయ్య పడవ ఇంజను పంపు బాగుచేయించడానికి వచ్చి జంగ్లీఘాట్‌లో కనిపించాడు. అక్క ఎలా ఉంది అన్నాను. "ఇప్పుడు పర్నేదురా. కట్టు ఇప్పేసారు. సెయ్యే వొంకరగా అతుక్కుంది, గంప ఎత్తలేకపోతంది" అన్నాడు. ఏ చెయ్యి, ఏ కట్టు అన్నాను. నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. జూన్ ఐదు, అమావాస్య, నా మెట్ల అంచు మీద నుంచి.

రెండు నెలలు. ఎండు చేపలని, వర్షాలని రెండు నెలలు నాకు అబద్ధాలు రాయించావు. నాకు నీ మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంతో డెలానీపూర్ దాకా నడిచే వచ్చాను. గది తలుపు తీసేసరికి కోపం నీ మీద లేదు. కూర్చుని ఏడ్చాను. అది కూడా రాసేస్తున్నాను, ఇకనుంచి నీ దగ్గర ఏమీ దాచను.

నేనూ దాచాను అక్కా. జూన్‌లో నీ ఉత్తరం అందిన రోజే గవరయ్య దగ్గరికి వెళ్ళాను. పున్నమికీ అమావాస్యకీ నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయని, అష్టమి దాటాక రెండు మూడు రోజులు పెద్దగా కదలవని, అందుకే ఏడో తారీకు రాసిచ్చానని చెప్పాడు. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టి, పదో ఏటి నుంచి హాస్టల్లో పెరిగి, ఈ మాట ఇంకొకరి చేత చెప్పించుకున్నాను. మరి ముందే ఎందుకు చెప్పలేదు గవరయ్యా అంటే, "చెప్పాను కదా బాబూ, చాయ్ తాగారు కదా" అన్నాడు. తెలిసి కూడా ఆరు వారాలు నోరు మూసుకున్నాను. లిస్టు కోసం. బేరం మానుకోమని నీకు నీతులు రాశాను.

యర్రయ్య చెప్పిన మర్నాడు పదింటికి మీటింగు. మెట్ల ఫోటో, మీ ఖాళీ గంపల వరసతో సహా, పెద్దది చేయించి గోడకి తగిలిస్తున్నారు. నేను లేచాను.

"సాబ్, యే నహీ చలేగా."

అందరూ నవ్వారు. సాబ్ కూడా నవ్వి, చాయ్ అన్నాడు. కాస్తాను, ముందు వినండి అన్నాను. తప్పు రోజున కొలిచానని, మూడు మెట్లు తక్కువయ్యాయని, ఒక ఆడమనిషి చెయ్యి విరిగిందని చెప్పాను. ఆ మనిషి ఎవరో చెప్పలేదు. ముందు ప్రోగ్రాంలో ఏడో తారీకు ఉండగా పదిహేడుకి ఎందుకు మార్పించావని సాబ్ అడిగాడు. ఓడ వీలుని బట్టి వెళ్ళానన్నాను.

సాబ్ పెన్ను మూత తీశాడు. తప్పు ఒప్పుకోవడం కూడా ఒక కొత్త ఆలోచనే అన్నాడు. దానికి నంబరు నూట ముప్పై ఒకటి పడింది. తప్పుల కోసం కొత్త ఫారం ఒకటి అప్పటికప్పుడు తయారుచేయించాడు, మొదటిది నేనే నింపాను. కారణం అన్న గడిలో 'నా నిర్లక్ష్యం' అని రాశాను. అదే నిజం. కింది మెట్లకి రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు, ఎందుకంటే వాటికి సాబ్ 'అన్ని పోట్లకీ మెట్లు' అని పేరు పెట్టాడు, ఇప్పుడది ఆయన ఆలోచన. ఎవరి ఆలోచనైతేనేం, మెట్లు వస్తాయి.

సీనియర్ పోస్టు రమణయ్యకి వచ్చింది. గాజు బస్టాపుకి అరవై మూడు షీట్లు గీశాడు. అది ఇంకా కట్టలేదు కాబట్టి ఎక్కడా పగల్లేదు.

చాయ్ నేనే కాశాను. గవరయ్య ఒక గుక్క తాగి "చక్కెర ఎక్కువైంది బాబూ" అన్నాడు. రెండో కప్పు కూడా అడిగి తాగాడు.

కొలతలకి మళ్ళీ నన్నే పంపుతున్నారు. వానలు తగ్గాక, అక్టోబర్‌లో ఏ రోజైనా సరే అన్నారు. ఏ రోజు రమ్మంటావో ఈసారీ నువ్వే చెప్పు.

నీ తమ్ముడు
జోగులు


మాయాబందర్
5 సెప్టెంబర్ 1978

జోగులూ,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు డుంగీ ఎక్కినట్టు ఊగుతున్నాయి, సర్దుకుని చదువుకో. నాలుగు రోజులు పట్టింది. బుల్లమ్మ రాస్తానంది, ఇది ఒకరి చేత రాయించేది కాదన్నాను.

ఓరి వెధవా, మూర్ఖుడా, గుంటడా. ఇవి నీకు జూన్ నుంచి బాకీ.

ఓడ వీలుని బట్టి వెళ్ళానన్నావా? నిర్లక్ష్యమని రాశావా? జనవరిలో నేను రాసిన ఉత్తరం నీ ట్రంకు పెట్టెలోనే ఉంటుంది కదా, తీసి చూసుకో. ఏడో తారీకు వద్దు, దశమి నాడు రా అన్నది ఎవరు? రాతి మీద పడి చెయ్యి కింద పడగానే నాకు నొప్పి కంటే ముందు అదే తోచింది. పైకి చూస్తే నీ ఆఖరి మెట్టు, దాని మీద ఇంకా పోని అత్త పసుపు మరక. వీడు దశమి నీళ్ళు కొలిచాడు, కొలవమన్నది నేనే అనుకున్నాను. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని, ఈ దీవుల్లో కాపురానికి వచ్చిన సెటిల్మెంటు ఓడ దిగినప్పటి నుంచి ఈ నీళ్ళలోనే దిగి లేస్తున్నాను. ఏ తిథికి నీళ్ళు ఎక్కడుంటాయో నిద్రలో అడిగినా చెబుతాను. నువ్వు నీళ్ళు కొలవడానికి వస్తున్నావని నాకు తట్టలేదు. ఆఫీసువాళ్ళకి ఆ లెక్కలన్నీ పుస్తకంలో ఉంటాయి, వీడు ఒడ్డు పొడుగు కొలుచుకుని కొబ్బరికాయ కొట్టి పోతాడు అనుకున్నాను. నువ్వేమో అక్క చెప్పిన రోజు కదా, నీళ్ళు కూడా చూసే చెప్పి ఉంటుంది అనుకున్నావు. నీ కొలతా, నీళ్ళ లెక్కా రెండూ తెలిసిన మనిషి ఆ గవరయ్య ఒక్కడు. ఆయన్ని మీరు స్టవ్ దగ్గర కూర్చోబెట్టారు, నేను ఇంట్లో చెప్పేవాళ్ళు లేని మనిషన్నాను.

నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వు బాధపడతావని కాదు. సిగ్గేసింది. అంతే. అది రాయడానికి ఈ నాలుగు రోజులు.

చెయ్యి ఇక ఇంతే. అన్నం కలుపుకోగలను, కలం నిలవదు, గంప ఎత్తలేను. రేవులో ఎత్తే పని యర్రయ్య భార్య చేస్తోంది, బజార్లో కూర్చుని అమ్మడం నేను చేస్తున్నాను. నోటికి దెబ్బ తగల్లేదు కాబట్టి బేరం బాగానే సాగుతోంది. సీనియర్ పోస్టు పోయిందని బావ బాధపడ్డాడు. నేను పడలేదు. నువ్వు లేచి నిలబడ్డావని చదివినప్పుడు ఆ ముక్క బావకి రెండుసార్లు చదివి వినిపించాను. ఇది నీ ముందు అనేదాన్ని కాదు, చెయ్యి వంకరైంది కాబట్టి మాటా వంకరపోతోంది అనుకో.

ఇక నువ్వడిగిన రోజు. అక్టోబర్ రెండు, సోమవారం. మహాలయ అమావాస్య. ఏడాది మొత్తంలో నీళ్ళు బాగా కిందకి పోయే రోజుల్లో అదొకటి, మనం పుట్టి ఎరగని రాళ్ళన్నీ పైకి తేలతాయి. గాంధీ జయంతి కూడానట, మీ ఆఫీసుకి సెలవు. మరీ మంచిది. ఏ బోర్డు మీదా ఎక్కించక్కర్లేదు. గవరయ్యని కూడా తీసుకురా, ఆయనకి ఇక్కడ చాయ్ మేం కాస్తాం.

అత్త ఇల్లు పీకి పందిరేసింది. "సచ్చిపోయినోల్ల రోజే అది, ఆ దినం పని మొదలెడతారేటి?" అంది. నాన్నకి ఆ రోజు ఎలాగూ విస్తరి వేస్తాం కదా అత్తా, వచ్చినాయన మెట్లు కూడా చూసి పోతాడు అన్నాను. ఆవిడ లేచి పసుపు ఉందో లేదో చూసుకుంది.

అమావాస్య నాడే రా. టేపు రెండో కొస నేను పట్టుకుంటాను. దానికి ఎడమ చెయ్యి చాలు.

మీ అక్క
ఎరుకమ్మ